చేతికందిన మందు ఛాతీకి చేరిందా?

(చెన్నైలో స్థిరపడిన తెలుగువారి కోసం జరిగిన ఒక ఆరోగ్య సభలో ఛాతీ వైద్య నిపుణుడొకరు చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

సభకు నమస్కారం.

ఇక్కడికి వచ్చినవారిలో చాలామంది అరవై దాటినవారే. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాక, పక్కవారు పలకరించినా బదులివ్వకుండా ఒకటి రెండు నిమిషాలు ఊపిరి కూడదీసుకున్నవారిని కొందరిని ఈ వేదిక మీద నుంచే గమనించాను. అందుచేత ఉపోద్ఘాతంతో కాలం గడపకుండా నేరుగా విషయానికి వస్తాను. ఏ మందు వాడాలి, ఎంత మోతాదు వాడాలి అన్న ప్రశ్నలకు మీ మీ వైద్యులున్నారు. నేను మాట్లాడదలచుకున్నది వారు రాసిచ్చిన ఇన్‌హేలర్‌ను ఎలా పీల్చాలి అన్న ఒక్క విషయం గురించే. వినడానికి ఇది చాలా చిన్న సంగతిలా ఉంటుంది. ముప్పై ఏళ్ల వైద్యంలో నేను చేసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ చిన్న సంగతిని చిన్నదనుకోవడం వల్లే జరిగాయి.

కొన్నేళ్ల కిందట సూళ్లూరుపేట దగ్గరి ఒక పల్లె నుంచి ఒక పెద్దావిడను ఆమె కొడుకు లోకల్ రైల్లో తీసుకొచ్చాడు. ఆవిడ జన్మలో బీడీ ముట్టలేదు; నలభై ఏళ్లపాటు కట్టెల పొయ్యి ముందు కూర్చుని వంట చేసింది. ఏడాదిగా పొడి మందు ఇన్‌హేలర్ వాడుతున్నా ఆయాసం తగ్గలేదు. ఆమె ఫైల్లో ముగ్గురు డాక్టర్ల సంతకాలున్నాయి, స్కానింగ్ ఉంది, మోతాదు రెండుసార్లు పెరిగింది. ఎందుకో ఆ రోజు రద్దీ తక్కువగా ఉండటంతో, "ఎట్లా వాడుతున్నావో ఒకసారి చూపించమ్మా" అన్నాను. ఆవిడ గుడ్డ సంచిలోంచి సాధనం తీసి, చీర చెంగుతో మూతి తుడిచి, క్యాప్సూల్ వేసి, అడుగు భాగాన్ని తిప్పి, పెదవులతో బిగించి పట్టుకుంది. అంతవరకు ఒక్క తప్పు లేదు. ఆ తర్వాత బుగ్గలు పూరించి, పొయ్యిలో మంట రాజేసినట్టు, ఫూ అని బలంగా ఊదింది. తెల్లటి పొడి నా బల్ల మీదా, ఆమె ఫైలు మీదా సన్నగా పరుచుకుంది. నేను నోట మాట లేకుండా చూస్తుంటే, "గొట్టం నోట్లో పెట్టుకుంటే ఊదేదే గదా నాయనా" అంది.

ఆవిడ మాటలో తప్పేముంది? నలభై ఏళ్లుగా ఆమె నోటికి తెలిసిన గొట్టం ఊదుగొట్టం ఒక్కటే. ఆమెకు జబ్బును తెచ్చిపెట్టిందీ, జబ్బుకిచ్చిన మందును గాలిపాలు చేసిందీ ఆ పొయ్యి ముందు పట్టుబడిన అలవాటే. ఏడాదిపాటు ఆ ఇంటి వసారా గాలికి వైద్యం జరిగింది, ఆమెకు జరగలేదు. ఆ ముగ్గురు వైద్యుల్లో ఒక్కరూ చూపించమని అడగలేదు. మొదటి ఇద్దరి సంగతి నాకు తెలియదు. మూడో సంతకం నాది. నెల ముందు ఆవిడ వచ్చినప్పుడు, "వాడుతున్నావా అమ్మా?" అని అడిగాను, "వాడుతున్నా" అని తల ఊపింది, నేను మోతాదు పెంచి పంపించాను.

ఇది ఒక్క పెద్దావిడ కథ అయితే సభ పెట్టి చెప్పాల్సిన అవసరం లేదు. మన దేశంలో 2016 నాటికి సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకై ఊపిరి ఆడటం కష్టమయ్యే దీర్ఘకాలిక జబ్బు, ఉన్నవారు 5 కోట్ల 53 లక్షల మందనీ, ఉబ్బసం ఉన్నవారు 3 కోట్ల 79 లక్షల మందనీ అంచనా వేశారు. 1990లో సీఓపీడీ లెక్క 2 కోట్ల 81 లక్షలే. 2016లో ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతం. అదే ఏడాది దీర్ఘకాలిక శ్వాస వ్యాధుల వల్ల ప్రపంచం పోగొట్టుకున్న ఆరోగ్యవంతమైన జీవిత సంవత్సరాల్లో మన వాటా 32 శాతం. పొగాకు ఒక కారణం. పొయ్యి పొగ, దుమ్ములో పని, ఎప్పుడో తగ్గిపోయిన క్షయ ఊపిరితిత్తిలో వదిలివెళ్లిన మచ్చ కూడా కారణాలే. భోగి నాడు పాత సామాన్లతోపాటు టైర్లు కూడా తగలబెట్టడం వల్ల ఈ నగరం మీద కమ్ముకునే పొగ తర్వాత మా ఓపీలో ఎంత గుంపు ఉంటుందో చూసినవారికి మిగతా కారణాలు నేను చెప్పనక్కర్లేదు. ఈ జబ్బులన్నింటికీ ముఖ్యమైన మందులు నోటి ద్వారా పీల్చేవే. అవి సరిగా లోపలికి వెళ్లకపోతే వైద్యం జరగనట్టే.

ఎందుకంత కష్టం అంటే, మన శరీరం తయారైందే బయటి రేణువును లోపలికి రానివ్వకుండా ఉండటానికి. గాలి గొంతు దగ్గర మలుపు తిరుగుతుంది, శ్వాసనాళం రెండుగా చీలుతుంది, ఆ రెండు నాలుగవుతాయి, అలా సుమారు 23 సార్లు చీలాక గాని గాలి చివరి తిత్తులకు చేరదు. ప్రతి మలుపులోనూ బరువైన రేణువు గోడకు తగిలి అంటుకుపోతుంది. అందుకే పీల్చే మందును 1 నుంచి 5 మైక్రాన్ల పరిమాణంలో తయారు చేస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; మన వెంట్రుక మందం ఉజ్జాయింపుగా 70 మైక్రాన్లు. 5 మైక్రాన్లు దాటిన రేణువు గొంతులోనే ఆగిపోతుంది. మరీ సన్నగా ఉన్నది లోపలికి వెళ్లినా చాలావరకు నిలవకుండా మళ్లీ బయటికి వచ్చేస్తుంది. మామూలు స్ప్రే ఇన్‌హేలర్‌ను ఎంత చక్కగా వాడినా నూటికి పది నుంచి ఇరవై పాళ్లే ఊపిరితిత్తికి చేరతాయి, మిగిలింది నోటిలోనూ గొంతులోనూ ఉండిపోతుంది. చక్కగా వాడినవారికే దక్కేది పదో పరకో అయినప్పుడు తప్పుగా వాడినవారికి ఏం దక్కుతుందో మీరే ఊహించుకోండి.

ఈ స్ప్రే పుట్టుక గురించి ఒక చిన్న ముచ్చట చెబుతాను. 1955లో అమెరికాలో రైకర్ ల్యాబరేటరీస్ అనే మందుల సంస్థకు అధిపతిగా ఉన్న జార్జ్ మైసన్ కూతురికి ఉబ్బసం ఉండేది. అప్పట్లో రబ్బరు బుడ్డిని పిసికి గాజు గొట్టం నుంచి మందు తుంపర పీల్చేవారు. గాజు పగిలేది, మందు ఒలికేది. పదమూడేళ్ల ఆ పిల్ల విసుగెత్తి, జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలో నా మందు ఎందుకు పెట్టకూడదు నాన్నా అని అడిగిందట. 1956లో మొదటి స్ప్రే ఇన్‌హేలర్ అమ్మకానికి వచ్చింది. పిల్ల ప్రశ్న గొప్పదే, సందేహం లేదు. అయితే జుట్టుకు స్ప్రే కొట్టాలంటే జుట్టు కదలకుండా ఉంటే చాలు. ఊపిరితిత్తికి స్ప్రే కొట్టాలంటే ఊపిరి కదులుతూ ఉండాలి, అదీ సరైన వేగంతో, సరిగ్గా డబ్బా నొక్కిన క్షణాన. ఆ డబ్బాతో మనుషులు పడుతున్న అవస్థంతా ఆ తేడాలోనే ఉంది.

ఆ అవస్థను లెక్కగట్టినవారున్నారు. 1975 నుంచి 2014 వరకు జరిగిన 144 అధ్యయనాలను, అంటే 54 వేలకు పైగా మనుషులను పరిశీలించిన ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, ఇన్‌హేలర్‌ను సరిగ్గా వాడుతున్నవారు నూటికి 31 మంది అని తేలింది. స్ప్రే వాడేవారిలో నూటికి 45 మందికి నొక్కడం, పీల్చడం కలవడం లేదు. 44 మంది పీల్చే వేగంలోనో లోతులోనో తప్పుతున్నారు. 46 మంది పీల్చాక ఊపిరి బిగపట్టడం లేదు. నన్ను కలవరపెట్టినవి ఈ అంకెలు కూడా కాదు. ఆ నలభై ఏళ్లలో పరిస్థితి ఏమాత్రం మెరుగుపడలేదన్నది ఆ పరిశీలన చెప్పిన అసలు మాట. ఈ కాలంలో ఎన్నో కొత్త మందులు వచ్చాయి, కొత్త సాధనాలు వచ్చాయి, పీల్చే మనిషి మాత్రం ఉన్నచోటే ఉన్నాడు.

సరే, స్ప్రేను ఎలా వాడాలి? దీన్ని నాకు సరిగా చెప్పడం నేర్పింది ఒక రోగే. ఆయన తిరువాన్మియూరులో ఉండే విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు. నేను అలవాటు ప్రకారం, "గట్టిగా దీర్ఘశ్వాస తీసుకుంటూ నొక్కండి" అన్నాను. ఆయన ఇన్‌హేలర్‌ను చేతిలోనే పట్టుకుని, "డాక్టరుగారూ, మీరు పూరకం చెబుతున్నారు, కుంభకం సంగతి ఎత్తలేదు, దానికి ముందు రేచకం ఉండాలా వద్దా?" అని అడిగారు. ఉండాలండీ అన్నాను కొంచెం సిగ్గుపడుతూ. "మరి చెప్పాలి గదా, నిండు కుండలో నీళ్లెక్కడ పోస్తాం?" అన్నారు. పూరకమంటే ఊపిరి పీల్చడం, కుంభకమంటే బిగపట్టడం, రేచకమంటే వదలడం. ప్రాణాయామంలో ఈ మూడు మాటలూ మనవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు, నిత్యం సంధ్య వార్చేవారికి వేరే చెప్పనక్కర్లేదు. నేను ఇంగ్లీషు పుస్తకంలో చదివిన అయిదు మెట్లను అరువు తెలుగులో అప్పజెబుతున్నాను, ఆయన వాటిని మూడు మాటల్లోకి దించేశారు. అప్పటి నుంచి నేను అలాగే చెబుతున్నాను.

మొదట రేచకం. మూత తీసి, లోపల ఏమైనా ఇరుక్కుందేమో చూసి, డబ్బాను నిలువుగా పట్టుకుని బాగా ఊపాక, ముఖం పక్కకు తిప్పి ఊపిరి మెల్లగా బయటికి వదలాలి. మూత సంగతి నవ్వులాటకు చెప్పడం లేదు. మూత తీసి సంచిలో పడేసిన ఇన్‌హేలర్‌లోకి నాణెం లాంటి చిన్న వస్తువు దూరి, మందుతోపాటు అది కూడా శ్వాసనాళంలోకి వెళ్లిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. సీఓపీడీ ఉన్నవారికి ఈ రేచకమే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే వారి జబ్బే గాలి లోపల చిక్కుపడి బయటికి రాకపోవడం. అలాంటివారు తొందరపడకుండా, పెదవులు సున్నాలా చుట్టి, దీపం ఆరకుండా రెపరెపలాడేంత మెల్లగా వదిలితే గాలి మరికొంత బయటికి వస్తుంది. లోపల ఆ మాత్రం చోటు చేస్తేనే మందుకు దారి దొరుకుతుంది.

తర్వాత పూరకం. పళ్ల మధ్య పెట్టుకుని, పెదవులు బిగించి, నాలుకను కిందికి ఉంచి, ముందు పీల్చడం మొదలుపెట్టాలి. మొదలుపెట్టిన మరుక్షణం డబ్బాను ఒక్కసారి నొక్కాలి. నొక్కాక కూడా నాలుగైదు అంకెలు లెక్కపెట్టేంతసేపు నింపాదిగా పీలుస్తూనే ఉండాలి. ఇక్కడ "గట్టిగా" అన్న మాటను నేను మానేశాను, మీరూ మానేయండి. స్ప్రేను వేగంగా పీలిస్తే మందు గొంతు మలుపు దగ్గరే కొట్టుకుని ఆగిపోతుంది. చల్లటి తుంపర అంగిలికి తగలగానే ఉలిక్కిపడి పీల్చడం ఆపేసేవారు కొందరు, అదే క్షణాన నోటితో మానేసి ముక్కుతో పీల్చేవారు కొందరు. ముక్కుతో పీల్చేవారి విషయంలో ఒక సులువు ఉంది: డబ్బా నొక్కాక నోటి మూల నుంచి ఆవిరి లాంటిది బయటికి వస్తుంటే అది ఊపిరితిత్తికి పోయే మందు కాదని, గదిలోకి పోయే మందని అర్థం. అద్దం ముందు నిలబడి వాడితే ఎవరికి వారే కనిపెట్టగలరు.

చివరగా కుంభకం. పది అంకెలు, లేదా ఎంత వీలైతే అంత, ఊపిరి బిగపట్టాలి. రేణువులు మెల్లగా దిగి గోడలకు అంటుకోవడానికి కావలసిన వ్యవధి అది. డబ్బాను ఒకసారి నొక్కితే వచ్చే మందును పఫ్ అంటాం. రెండో పఫ్ రాసి ఉంటే అర నిమిషమో నిమిషమో ఆగి, మళ్లీ డబ్బా ఊపి, మొత్తం మళ్లీ చేయాలి. వరుసగా టకటకా రెండుసార్లు నొక్కేసి ఒక్కసారే పీల్చేవారు మన ఊళ్లో కోకొల్లలు, పనిలో పనిగా అయిపోతుందని.

ఇంతవరకు చెప్పింది స్ప్రే గురించి. పొడి మందు సాధనాల దగ్గరికి వచ్చేసరికి ఒక ముఖ్యమైన విషయంలో అంతా తలకిందులవుతుంది, దయచేసి ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. రోటాహేలర్ లాంటి వాటిలో పొడిని తోసే గ్యాసు ఏదీ లేదు. పొడిని విడగొట్టి, సన్నని రేణువులుగా చేసి, లోపలికి ఈడ్చుకుపోవాల్సింది మీ శ్వాస బలమే. కాబట్టి స్ప్రేను నింపాదిగా పీల్చాలి, పొడిని మొదటి క్షణం నుంచే బలంగా, వేగంగా, లోతుగా లాగాలి. స్ప్రేకు నిమిషానికి 30 లీటర్ల వేగం చాలు. చాలా పొడి సాధనాలకు అంతకు రెట్టింపు ఉంటే మంచిది. బోండాంలో నీళ్లు అయిపోయాక అడుగున మిగిలిన లేత మీగడను స్ట్రాతో లాగడానికి ఎంత బలం పెడతామో అంత బలం అని మా ఫిజియోథెరపిస్టు చెబుతుంది. మెరీనా బీచిలో తిరిగినవారందరికీ వెంటనే అర్థమవుతుంది. బీడీ దమ్ము లాగినట్టు అంటే మగవాళ్లకు ఇంకా తొందరగా అర్థమవుతుందని ఒకప్పుడు అలా చెప్పేవాణ్ణి. రెండు కారణాలతో మానేశాను. ఒకటి, మానేసినవాడికి ఆ రుచిని గుర్తుచేయడం. రెండు, పొగతాగేవాడు దమ్మును ముందు నోట్లోకి లాగి, ఆ తర్వాత ఛాతీలోకి దించుతాడు. మందు నోట్లో మజిలీ చేయకూడదు.

లాగేటప్పుడు గొట్టంలో క్యాప్సూల్ గలగలలాడే చప్పుడు వినిపించాలి. అయ్యాక తెరిచి చూస్తే పొడి మిగిలి ఉంటే, మళ్లీ ఒకసారి లాగాలి. సాధనంలోకి మాత్రం ఎప్పుడూ ఊపిరి వదలకూడదు, నోటి తేమకు పొడి ముద్దకడుతుంది. అసలు చెన్నై గాలిలో తేమే చాలు. క్యాప్సూళ్లన్నీ ఒకేసారి స్ట్రిప్పు నుంచి తీసి స్టీలు డబ్బాలో పోసి వంటింటి అలమరలో పెట్టుకునే గృహిణులను నేను చూశాను. సర్దుకోవడం ముచ్చటగానే ఉంటుంది, కాని నాలుగు రోజులకు క్యాప్సూల్ పెంకు మెత్తబడి సాగుతుంది, సాధనంలో సరిగా తెరుచుకోదు. వాడే క్షణంలో ఒక్కటి తీయండి. ఇక ఆ క్యాప్సూల్‌ను నీళ్లతో మింగినవారి సంఖ్య మీరు నమ్మలేనంత. క్యాప్సూల్ అంటే మింగేదే అని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు, కాదని ఎవరూ చెప్పకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి ఉంది, తోటి వైద్యులు కొందరు ఒప్పుకోకపోవచ్చు. ఒకే రోగికి ఉదయానికి స్ప్రే, రాత్రికి పొడి మందు రాయడం, ఎంత మంచి మందులైనా, సాధ్యమైనంతవరకు చేయకూడదు. ఒకదాన్ని నింపాదిగా, ఇంకోదాన్ని బలంగా పీల్చమంటే డెబ్భై ఏళ్ల మనిషి ఆ రెండింటినీ కలిపేసి, రెండింటినీ ఒకే తప్పు తీరులో వాడతాడు. అలాగే, లాగే బలం లేని ముసలివారికి పొడి మందు, వేళ్లు వంకరపోయిన కీళ్లవాతం రోగికి నొక్కే డబ్బా రాసి చేతులు దులుపుకోవడం కూడా మా తప్పే.

నొక్కడం, పీల్చడం కలవనివారికి స్పేసర్ ఉంది. అది ఒక ఖాళీ గొట్టం, అంతే. తుంపర అందులో కాసేపు నిలిచి, పెద్ద రేణువులు దాని గోడకే అంటుకుని, సన్నవి మన ఊపిరితో మెల్లగా లోపలికి వస్తాయి. నా ఉద్దేశంలో స్ప్రే వాడే ప్రతి పెద్దమనిషికీ ప్రతి చిన్నపిల్లకీ అది ఉండాలి. సంచిలో పట్టదు, నలుగురిలో తీయడానికి నామోషీ అని అటక మీద పెడతారు. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో ఉబ్బసం ముదిరి వచ్చిన పిల్లల మీద చేసి 1999లో ప్రచురించిన ఒక పరిశోధనలో, అర లీటరు ప్లాస్టిక్ సీసాకు కన్నం చేసి, అంచును గాలి పోకుండా మూసి తయారుచేసిన స్పేసర్ కొన్న స్పేసర్‌కు దీటుగా పనిచేసింది. కాబట్టి ఖరీదు అడ్డంకి కానక్కర్లేదు, మీ వైద్యుడిని అడిగి సరిగా చేయించుకోండి. ప్లాస్టిక్ స్పేసర్‌ను కడిగి తుండుగుడ్డతో తుడిస్తే దాని గోడలకు స్థిర విద్యుత్తు పుట్టి మందును అదే లాగేసుకుంటుంది. గిన్నెలు తోమే ద్రవం కలిపిన నీళ్లలో ముంచి, అలాగే గాలికి ఆరనివ్వండి.

డబ్బాలో మందు ఉందో లేదో తెలుసుకోవడానికి నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పాత పద్ధతి నమ్మదగినది కాదు, పైగా నీరు చేరి రంధ్రం పాడవుతుంది. మందు అయిపోయాక కూడా గ్యాసు మిగిలి సుయ్‌మని చప్పుడు చేస్తూనే ఉంటుంది. మిగిలిన పఫ్‌ల అంకె చూపే కౌంటర్ లేని డబ్బా అయితే, 120 పఫ్‌లున్నదాన్ని రోజుకు నాలుగు చొప్పున వాడితే సరిగ్గా ముప్పై రోజులు, మొదలుపెట్టిన తేదీ పెట్టె మీద రాసుకుంటే చాలు. స్టిరాయిడ్ ఉన్న మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, అది ఆఖరి దశ మందు, ముందు మాత్రలతో చూద్దాం అనేవారితో నేను వాదించడం మానేసి ఒక లెక్క చెబుతాను. శ్వాసనాళాలను వదులు చేసే సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు. అదే మందు స్ప్రేలో ఒక పఫ్‌కు 100 మైక్రోగ్రాములు. ఒక్క మాత్ర మింగితే నలభై పఫ్‌లంత మందు ఒళ్లంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడ పుట్టించి, అందులో కొద్ది భాగం ఊపిరితిత్తికి చేరుతుంది. ఏది భారమైన వైద్యమో మీరే చెప్పండి. పెళ్లి చూపులున్నాయని ఇన్‌హేలర్‌ను బీరువాలో దాచిన ఇళ్లు నాకు తెలుసు. ఆ సంగతిలోకి ఇప్పుడు వెళ్లను.

మృగశిర కార్తె వస్తే హైదరాబాద్‌లో చేప మందు కోసం గంటల తరబడి వరుసల్లో నిలబడే మన జనాన్ని చూసి కొందరు వైద్యులు వేళాకోళం చేస్తారు. ఆ మందు గుణదోషాల చర్చ ఈ వేదిక మీద నాకు అక్కర్లేదు. కాని అక్కడ ఒకటి గమనించాను. వరుస చివరికి చేరిన మనిషికి మందు చేతిలో పెట్టి ఇంటికి పొమ్మనరు. నోరు తెరవమని, చేపను గొంతులోకి జారవిడిచి, అది లోపలికి దిగిందని చూశాకే పక్కకు పంపుతారు. శాస్త్రీయ వైద్యం చేస్తున్న మేము వేల రూపాయల మందును పెట్టెతో సహా చేతిలో పెట్టి, లోపల కాగితం ఉంది చదువుకోండి అంటాం. ఆ కాగితం మీద అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, అందులో తెలుగు ఉండనే ఉండదు.

తెలుగు మాట వచ్చింది కనుక ఇంకొక్కటి. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట నుంచి ఈ నగరానికి వైద్యానికి వచ్చేవారికి ఇక్కడి నర్సులు ఎంతో ఓపికతో, "నల్లా ఉళ్ళే ఇళుంగ" అని, అంటే బాగా లోపలికి లాగండి అని, తమిళంలో చెబుతారు. మనవాళ్లు వినయంగా తల ఊపుతారు. తల ఊపడమంటే అర్థమైందని కాదు. డాక్టరమ్మ ఎదుట అర్థం కాలేదంటే బాగుండదని, వెనక ఇంకా పాతికమంది కూర్చుని ఉన్నారని, రైలు టైమవుతోందని కూడా మనం తల ఊపుతాం. అర్థమైందా అని అడిగితే ఎప్పుడూ అవుననే జవాబు వస్తుంది. అందుకే ఆ ప్రశ్న అడగడం నేను మానేశాను.

అయితే నేర్పేవాళ్లకైనా వచ్చా అంటే, అదీ లేదు. వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు కలిపి ఆరు వేల మందికి పైగా సిబ్బందిని పరీక్షించిన అధ్యయనాలను కూర్చి చూస్తే, ఇన్‌హేలర్‌ను తప్పు లేకుండా వాడి చూపించగలిగినవారు నూటికి 15 మందే. 1975 నుంచి లెక్కిస్తే మొదటి ఇరవై ఏళ్లలో నూటికి ఇరవై మందికి చేతనయ్యేది, తర్వాతి ఇరవై ఏళ్లలో పదకొండు మందికి పడిపోయింది. కాబట్టి మీకు నేర్పినవారిని కూడా ఒకసారి చేసి చూపించమని అడగడంలో అమర్యాద ఏమీ లేదు. నన్నూ అడగండి.

ఈ మాట చెప్పడానికి చెన్నైని మించిన చోటు లేదు. 1956లో ఇక్కడి చేట్‌పట్‌లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. ఈనాడు అదే జాతీయ క్షయ పరిశోధన సంస్థ. అప్పట్లో క్షయ వస్తే శానిటోరియంలో, అంటే క్షయ రోగుల ఆసుపత్రిలో, నెలల తరబడి పడుకోవాల్సిందే అనేవారు. తాంబరం దాటకముందే వచ్చే రైల్వే స్టేషన్‌కు ఆ పేరు ఇప్పటికీ ఉంది. ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితో ఉన్న మద్రాసు పేదలకు ఇంటి దగ్గరే మందులిచ్చి, శానిటోరియంలో ఉంచినవారితో పోల్చి చూసి, ఫలితంలో తేడా లేదని 1959లో ఆ కేంద్రం లోకానికి చాటింది. ఆ పనిలోనే ఇంకో సంగతి బయటపడింది: ఇంటికిచ్చి పంపిన మాత్రలను జనం క్రమంగా మింగడం లేదు. ఆ కేంద్రానికి తొలి నాయకుడైన వాలెస్ ఫాక్స్ బృందం దానికి కనిపెట్టిన విరుగుడు చాలా సాదాది. రోగి మాత్ర మింగుతుండగా ఎదురుగా ఉండి చూడటం. తర్వాత లోకమంతటా క్షయ చికిత్సలో వాడుకలోకి వచ్చిన ఆ పద్ధతి వేళ్లు మన చేట్‌పట్‌లో ఉన్నాయి.

మాత్ర మింగడమే చూడాల్సి వచ్చినప్పుడు, అంతకంటే పదిరెట్లు చిక్కైన పీల్చడాన్ని చూడకుండా ఎలా వదిలేశామో నాకు ఇప్పటికీ బోధపడదు. ఒకసారి చూస్తే కూడా చాలదు. ఈరోజు సరిగ్గా నేర్చుకున్నవారే మూడు నెలల తర్వాత తమకు తెలియకుండానే పాత తీరుకు జారిపోతారు. అందుకని ప్రతి రాకలోనూ రెండు నిమిషాలు ఇన్‌హేలర్ కోసం కేటాయించమని పట్టుబట్టండి. మందు పనిచేయడం లేదనిపిస్తే, మార్చమని అడిగే ముందు, పెంచమని అడిగే ముందు, "నేను పీల్చేది ఒకసారి చూడండి" అనండి. ఆ సూళ్లూరుపేట పెద్దావిడకు ఆ రోజు నేను కొత్త మందేమీ రాయలేదు, పెంచిన మోతాదును తగ్గించాను. ఊదడం మానిపించి లాగడం అలవాటు చేయడానికి నాలుగుసార్లు రావలసి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు కూడా మొదట ఊదబోయి, తనే నవ్వుకుని, మళ్లీ సరిచేసుకుంది.

గంట ఏడైంది, రాత్రి మోతాదు వాడే వేళ కూడా దగ్గరపడింది. ఇన్‌హేలర్లు సంచుల్లో తెచ్చుకున్నవారు ఈ బల్ల దగ్గరికి రండి. మా ఫిజియోథెరపిస్టు, నేను ఇద్దరం ఉంటాం. ఎవరిది వారే వాడాలి, ఒకరిది ఒకరు తీసుకోవద్దు. మేము మొదట ఏమీ చెప్పం, మీరు ఇంట్లో ఎలా వాడతారో అలాగే వాడండి, మేము చూస్తాం. మూడో వరుసలో నీలం డబ్బా పట్టుకుని కూర్చున్న పెద్దాయన ముందు రండి, మీకు కుర్చీ వేయిస్తాను.